దురదగొండి మంట ఫార్మిక్ ఆమ్లం వల్లేనా?

సుద్దముక్క: నేను పదో తరగతికి రసాయనశాస్త్రం చెబుతాను. దురదగొండి ఆకు తగిలితే మంట పుట్టేది మిథనోయిక్ ఆమ్లం, అంటే ఫార్మిక్ ఆమ్లం వల్లేనని పుస్తకంలో ఉంది. వేరే చర్చలో ఒకరు అది పాత కబురన్నారు. చీమలో ఉన్నదీ అదే ఆమ్లం కదా, ఇక్కడ అభ్యంతరమేమిటి?

ఆకుపసరు: ముందు ఏ మొక్కో తేల్చండి. మనం దురదగొండి అనేది ఒక్కదాన్ని కాదు. ఆ పేరుతో పిలిచే ట్రేజియా అనే మొక్క ఆకుమీది రోమంలో గుచ్చుకునేది కాల్షియం ఆక్సలేట్ స్ఫటికం. పుస్తకంలోది నెటిల్ అనే వేరే మొక్క, శాస్త్రీయనామం అర్టికా డయోయికా. దాని సంగతి వేరు.

సుద్దముక్క: నెటిల్ గురించే అడుగుతున్నాను.

భూతద్దం: అయితే మోతాదు చూడండి. రోమంలోని ద్రవంలో ఫార్మిక్ ఆమ్లం లేదని ఎవరూ అనడం లేదు, కానీ ఆ కాస్తా అంత మంట పెట్టలేదు. 1947లో ఎమ్మెలిన్, ఫెల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు అందులో హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ ఉన్నట్టు చూపారు; ఇవి మన ఒంట్లోనూ సంకేతాలు మోసే రసాయనాలు. 1956లో కోలియర్, చెషర్ అలాంటిదే అయిన సెరటోనిన్‌ను కూడా గుర్తించారు. దద్దుర్లు లేపే పని వీటిది.

అసలు గొప్పతనం రోమం కట్టుబడిలో ఉంది. అది ఒకే ఒక పొడవాటి కణం. ఉబ్బిన అడుగుభాగం చిన్న కణాల దిమ్మెలో కూర్చుని ఉంటుంది. కణం గోడకు కింద కాల్షియం, కొనలో సిలికా పట్టి గాజులా పెళుసుబారుతుంది. చెయ్యి తగలగానే కొనమీది బుడిపె ఏటవాలుగా విరిగిపోతుంది, ఇంజక్షన్ సూది మొన మిగులుతుంది. అడుగు నొక్కుకుని ద్రవం చర్మంలోకి దిగుతుంది. ఎండినా ఉడికినా ఈ సూది పనిచేయదు.

నిమ్మఉప్పు: హిస్టమిన్‌తోనే కథ ముగిసిపోతే ఆ చిమచిమ గంటల తరబడి ఎందుకుంటుంది? 2006లో నెటిల్ జాతిలోనే మరో మొక్క అర్టికా థన్‌బర్జియానాపై చేసిన పరిశోధన, ఆగని నొప్పికి ఆక్సాలిక్, టార్టారిక్ ఆమ్లాలను కారణంగా చూపింది. ఆమ్లం పక్షం పూర్తిగా ఓడిపోలేదు!

భూతద్దం: ఒప్పుకుంటాను. కానీ ఆ రెండూ ఫార్మిక్ ఆమ్లం కావుగా.

ఆకుపసరు: కుట్టడమే మందని నమ్మేవారూ ఉన్నారు. 2000లో చేతి బొటనవేలి కీలునొప్పి ఉన్న 27 మందిపై పరీక్ష చేస్తే నెటిల్ ఆకుతో నొప్పి తగ్గింది. పోలికకు వాడింది కుట్టని డెడ్‌నెటిల్ ఆకు. ఏది ఏ ఆకో రోగికి తెలియకుండా ఉంటుందా అన్నదే నా అనుమానం. ప్రోస్టేట్ వాపుతో వచ్చే మూత్ర ఇబ్బందులకు మాత్రం ఆకును కాదు, నెటిల్ మొక్క వేరును వాడతారు. బీటా సిటోస్టెరాల్, లిగ్నాన్లు, లెక్టిన్ అనే ఒక రకం ప్రోటీన్ ఉండే ఆ వేరుకు కుట్టే రోమాలే లేవు. మంట లెక్క వేరు, మందు లెక్క వేరు.

సుద్దముక్క: బాగుంది. మరి పరీక్షలో పిల్లలు ఏమి రాయాలి?

భూతద్దం: మిథనోయిక్ ఆమ్లమనే రాయించండి, లేకపోతే మార్కు పోతుంది. ఆ మర్నాడు సూక్ష్మదర్శిని కింద ఒక రోమం చూపించండి. ఆకును పటకారుతో పట్టుకోండి.