9 నెలల పాపకు పొట్టలో డయాలసిస్, మూత్రం ఎప్పటికి వస్తుంది?

మా అక్క కూతురికి వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరంతా పోయి కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఒక రోజంతా డైపర్ తడవలేదు, అప్పుడు కర్నూలు నుంచి హైదరాబాద్ తెచ్చాం. పాప 7 కిలోలే, ఒంట్లో మొత్తం రక్తమే అర లీటరు చిల్లర, అందుకని రక్తం బయటికి తీసి శుభ్రం చేసే మెషీన్ వద్దని పెరిటోనియల్ డయాలసిస్ (పొట్టలో చేసేది) చేస్తున్నారు. పొట్టలోకి ట్యూబు వేసి ఫ్లూయిడ్ పోయడం, కాసేపు ఉంచి తీయడం, రాత్రీ పగలూ అదే. నర్సు ప్రతిసారీ ఎంత పోసిందీ ఎంత వచ్చిందీ కాగితం మీద రాస్తుంది, నిన్నటి నుంచి పోసినదానికంటే తక్కువే వస్తోంది. డాక్టర్ ట్యూబు చూస్తామన్నారు కానీ అక్కకి ఒకటే టెన్షన్. ఇవాళ 4వ రోజు. మీ పిల్లలకి ఇలా అయితే మూత్రం ఎన్నాళ్లకి మొదలైంది? ట్యూబు మార్చాల్సి వచ్చిందా? ఇంటికెళ్లాక టెస్టులు ఎన్నాళ్లు చేయించారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.