ఇంటర్నల్ యూఎస్‌బీ హబ్ (కంప్యూటర్ లోపల ఒక యూఎస్‌బీ కనెక్షన్‌ని ఎక్కువ కనెక్షన్లుగా పంచేది) మన మదర్‌బోర్డుకు పడుతుందో లేదో చూడాల్సింది ఎవరు? కొనేవాడా, అమ్మేవాడా?

కృష్ణలంక_కేబుల్:
విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపులో ఇంటర్నల్ యూఎస్‌బీ హబ్ తీసుకున్నాను. లిక్విడ్ కూలర్ పంపుకి ఒకటి, లైట్ల కంట్రోలర్‌కి ఒకటి, వైఫై కార్డు బ్లూటూత్‌కి ఒకటి, మొత్తం మూడు కనెక్షన్లు కావాలి. బోర్డు మీద యూఎస్‌బీ 2.0 హెడర్ (వైరు గుచ్చే పిన్నుల గుంపు) ఒక్కటే. దాంట్లో కేబినెట్ ముందు పోర్టుల వైరు ఉంది. యూఎస్‌బీ 3.0 హెడర్ ఖాళీగా ఉంది, హబ్ దానికి పెట్టొచ్చా అని అడిగితే "ఏ బోర్డుకైనా పడుతుంది సార్" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే హబ్ వైరుకి 9 రంధ్రాలు, బోర్డు మీద 19 పిన్నులు. వెనక్కి పట్టుకెళ్తే ప్యాకెట్ చించారు, తీసుకోం అన్నాడు. తప్పెవరిది?

బ్రాడీపేట_బిల్డర్:
చూసుకోవాల్సింది కొనేవాడే. బోర్డు మాన్యువల్ నెట్‌లో ఊరికే దొరుకుతుంది. ఎన్ని హెడర్లు, ఏవి ఖాళీ అని బొమ్మతో సహా ఉంటుంది. అది చూశాక ఎస్‌ఎంపీఎస్, అదే కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా, చూడాలి. ఈ హబ్‌లకి కరెంటు దాని సాటా కనెక్టర్ నుంచో మోలెక్స్ కనెక్టర్ నుంచో కావాలి, ఆ కనెక్టర్ ఖాళీ ఉందా? లేదని మోలెక్స్ నుంచి సాటాకి మార్చే చవక వైరు వేస్తారు. ప్లాస్టిక్ పోతపోసిన రకమైతే లోపల షార్టై కాలిన సందర్భాలున్నాయి. హబ్ అని చెప్పి అమ్మే స్ప్లిటర్ వైర్లు ఇంకో రకం. లోపల చిప్ ఉండదు, ఒకే డేటా లైన్‌ని రెండు డివైస్‌లకి కలిపేస్తారు. రెండూ పనిచేయవు. ఇంకోటి, ఫ్రంట్ ఆడియో హెడర్ కూడా 9 పిన్నే, ఖాళీ పిన్ చోటు మాత్రం వేరు. బలవంతంగా గుచ్చితే ఎవడూ ఏం చేయలేడు.

తెనాలి_తమ్ముడు:
9 కాదన్నా, 10 పిన్.

బ్రాడీపేట_బిల్డర్:
ఐదేసి చొప్పున రెండు వరసలు, అందులో ఒకటి ఉండదు. లెక్కపెట్టుకో.

తెనాలి_తమ్ముడు:
నా దగ్గరున్న డబ్బా మీద 10 పిన్ అనే ఉంది. డబ్బా తప్పా?

మొగల్రాజపురం_మౌస్:
కేబినెట్ వైరు పీకి హబ్‌ని ఆ హెడర్‌కే పెట్టు. కేబినెట్ వైరుని హబ్‌కి పెట్టు. అయిపోయింది.

కృష్ణలంక_కేబుల్:
నేనడిగింది అది కాదండీ. తప్పెవరిది అని.

తెనాలి_తమ్ముడు:
డబ్బా సంగతి చెప్పలేదు.

గవర్నర్‌పేట_కౌంటర్:
నాది కూడా అక్కడే షాపు, ఈయన వెళ్లింది మాత్రం నా దగ్గరికి కాదు. ఏ బోర్డు అని అడిగితే కస్టమర్ చెప్పేది "ఇంటెల్ది అండీ". మోడల్ పేరు అడిగితే "నల్లగా ఉంటుంది". నలుగురు నిలబడి ఉంటే మాన్యువల్ తీసి పిన్నులు లెక్కపెడుతూ కూర్చోవాలా? ప్యాకెట్ చించాక ఆ సరుకు ఎవరు కొంటారు? డిస్ట్రిబ్యూటర్ దాన్ని వెనక్కి తీసుకోడు, ఆ నష్టం నాదే.

పట్టాభిపురం_ప్లీడరు:
2019 వినియోగదారుల రక్షణ చట్టం ఒకసారి చదవండి. అమ్మిన వస్తువులో లోపం ఉండి వెనక్కి తీసుకోకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. వస్తువుకి కట్టింది 5 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

బ్రాడీపేట_బిల్డర్:
లోపం ఉంటే కదా సార్! హబ్ బాగానే ఉంది. ఈయన బోర్డుకి పట్టదు, అంతే.

పట్టాభిపురం_ప్లీడరు:
లేనిది ఉన్నట్టు చెప్పి అమ్మడం కూడా అందులోకే వస్తుంది. నోటిమాటగా చెప్పినా సరే. అయినా ముందు బిల్లు ఉందా?

కృష్ణలంక_కేబుల్:
బిల్లు సంగతి తర్వాత. నేను యూఎస్‌బీ 3.0 అని స్పష్టంగా చెప్పాను. ఆయన నల్లది తెల్లది అంటున్నాడు, నా గురించేనా అది?

గవర్నర్‌పేట_కౌంటర్:
ఒక్క మాట అడుగుతాను. బోర్డు ఎక్కడ కొన్నారు?

కృష్ణలంక_కేబుల్:
దానికీ దీనికీ ఏంటి సంబంధం?

గవర్నర్‌పేట_కౌంటర్:
ఆన్‌లైన్‌లోనే కదా. కూలర్ ఆన్‌లైన్, కేబినెట్ ఆన్‌లైన్. సందేహాలు మాత్రం మా కౌంటర్ దగ్గర! గంటసేపు అన్నీ అడిగి, డబ్బాకి ఫోటో తీసుకుని, షాపు మెట్లు దిగకముందే ఫోన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లని రోజూ చూస్తున్నాను. తర్వాత వచ్చి "కొంచెం బిగించి పెట్టన్నా" అంటారు. ఏందయ్యా ఇది? మేమేమైనా ధర్మసత్రం పెట్టామా?

కృష్ణలంక_కేబుల్:
ఆగండి. ఇదే హబ్ ఆన్‌లైన్‌లో తక్కువకి వస్తుంది. అయినా ఎక్కువ పెట్టి షాపులో కొన్నానంటే ఎందుకు? మనిషి ఉన్నాడు, అడిగితే చెబుతాడు అని. ఆ మాటకే డబ్బులిచ్చాను. ఆన్‌లైన్ వాడు నాతో మాట్లాడడు కానీ సరిపోకపోతే వెనక్కి తీసుకుంటాడు. మీరు మాట్లాడతారు, వెనక్కి తీసుకోరు. ఇక మీ దగ్గరికి ఎందుకు రావాలి?

తెనాలి_తమ్ముడు:
ఇది కరెక్ట్.

గవర్నర్‌పేట_కౌంటర్:
రావద్దు. ఎవరు రమ్మన్నారు?

మొగల్రాజపురం_మౌస్:
హబ్ ఆ హెడర్‌కి పెట్టి చూశారా అసలు?

బ్రాడీపేట_బిల్డర్:
ఇద్దరూ తగ్గండి. నేను ఇళ్లకెళ్లి సిస్టమ్‌లు బిల్డ్ చేస్తాను, నాదీ ఇదే బాధ. పిన్ కలిసినంత మాత్రాన పని అయిపోదు. 2021లో ఏఎండీ 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల్లో యూఎస్‌బీ మధ్యమధ్యలో కట్ అవుతోందని ఆ చిప్‌లు చేసే ఏఎండీ కంపెనీయే ఒప్పుకుని బయోస్ (బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లు ఇప్పించింది. ఇవన్నీ తెలుసుకోవడానికి రాత్రిళ్లు కూర్చుని చదువుతాను. కస్టమర్ మాత్రం బిగించినందుకే డబ్బులిస్తాడు. చెప్పినందుకు ఇమ్మంటే మొహం మాడ్చుకుంటాడు.

కృష్ణలంక_కేబుల్:
అయితే ఆ డబ్బు తీసుకోండి, నేను కాదన్నానా? తీసుకున్నాక చెప్పిన మాట మీద నిలబడండి. సరిపోకపోతే వెనక్కి తీసుకోండి.

గవర్నర్‌పేట_కౌంటర్:
సరే, నేను తీసుకుంటా. చెక్ చేసినందుకు 200. సరుకు నా దగ్గరే కొంటే ఆ 200 బిల్లులో తీసేస్తా. బోర్డు మోడల్ పేరు, హెడర్ల ఫోటో, ఎస్‌ఎంపీఎస్‌లో ఖాళీగా ఉన్న కనెక్టర్ల ఫోటో తెచ్చుకోవాలి. అవి లేకుండా వస్తే నోరు విప్పను.

పట్టాభిపురం_ప్లీడరు:
సరిపోతుందని బిల్లు మీద రాసి సంతకం పెడతారా?

గవర్నర్‌పేట_కౌంటర్:
ఫోటో తెస్తే పెడతా. "నల్లగా ఉంటుంది" అంటే పెట్టను.

కృష్ణలంక_కేబుల్:
సంతకం పెడితే ఎస్‌ఎస్‌డీ కూడా మీ దగ్గరే తీసుకుంటా. మౌస్ గారూ, కేబినెట్ వైరు హబ్‌కి పెడితే ముందు పోర్టుల్లో పెన్‌డ్రైవ్ స్లో అవుతుందా?

మొగల్రాజపురం_మౌస్:
హబ్ మీద ఉన్నవన్నీ కలిసి యూఎస్‌బీ 2.0 వేగం 480 ఎంబీపీఎస్‌నే పంచుకోవాలి. పంపుకీ లైట్లకీ పోయేది చాలా కొంచెం. హబ్‌కి సాటా పవర్ మాత్రం మర్చిపోకు.

తెనాలి_తమ్ముడు:
200 ఎక్కువండీ. మా తెనాలిలో ఊరికే చెబుతారు.