లండన్ నుంచి టోక్యో: 9,600 కిలోమీటర్లకు 14 గంటలెందుకు?

ప్రశ్న:
లండన్, టోక్యోల మధ్య దూరం సుమారు 9,600 కిలోమీటర్లని చూశాను. విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళుతుందనుకుంటే ప్రయాణం 11 గంటలలోపే ముగియాలి. కానీ టికెట్ల మీద దాదాపు 14 గంటలు కనిపిస్తోంది, తిరుగు ప్రయాణానికి ఇంకొంచెం ఎక్కువే. ఈ తేడాకు కారణం ఎవరైనా వివరించగలరా?

మొదటి జవాబు:
మీరు చూసిన దూరం సరైనదే, అయితే అది గ్లోబు మీద రెండు నగరాల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చే అతి దగ్గరి దారి. ఆ దారి ఉత్తర ఐరోపా మీదుగా సైబీరియా అంతటినీ దాటి వెళుతుంది. 2022 ఫిబ్రవరిలో రష్యా తన గగనతలాన్ని బ్రిటిష్ విమానాలకు మూసివేసింది, జపాన్ సంస్థలు కూడా అటు వెళ్లడం మానుకున్నాయి. అంతకు ముందు 12 గంటల్లో ముగిసిన ప్రయాణం ఇప్పుడు టర్కీ, కాకసస్, కజకిస్తాన్, చైనాల మీదుగా చుట్టు తిరిగి సాగుతోంది.

రెండో జవాబు:
దారితోపాటు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. దాదాపు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ చలికాలంలో జపాన్ మీద ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. టోక్యో వెళ్లేటప్పుడు వెనక నుంచి నెట్టే ఈ గాలే, తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. అందుకే టోక్యో నుంచి బయలుదేరే కొన్ని విమానాలు అసలు పడమర వైపు తిరగకుండా, పసిఫిక్ మీదుగా అలాస్కా, గ్రీన్‌లాండ్ దాటి లండన్ చేరుతున్నాయి. దూరం పెరిగినా, పసిఫిక్ మీద గాలి కలిసివస్తుంది.

ఈ దారి కొత్తదేమీ కాదు. సోవియట్ గగనతలం అందుబాటులో లేని కాలంలో ఐరోపా విమానాలు అలాస్కాలోని ఆంకరేజ్‌లో ఇంధనం నింపుకొని టోక్యో వెళ్లేవి. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ 1957లోనే ఆ మార్గంలో కోపెన్‌హాగెన్ నుంచి సర్వీసు మొదలుపెట్టింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. చేరే సమయంలోంచి బయలుదేరే సమయాన్ని తీసివేసి చూస్తే మాత్రం 23 గంటలు వస్తోంది. అదెలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
రెండూ ఆయా నగరాల స్థానిక సమయాలు కాబట్టి అలా వస్తోంది. టోక్యో గడియారం చలికాలంలో లండన్ కంటే 9 గంటలు ముందుంటుంది. ఉదయం 10 గంటలకు లండన్‌లో బయలుదేరితే, 14 గంటల తర్వాత అక్కడ అర్ధరాత్రి అవుతుంది, టోక్యోలో మరునాటి ఉదయం 9 గంటలవుతుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు బ్రిటన్ గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతుంది, జపాన్ జరపదు. అప్పుడు తేడా 8 గంటలే. ఇంకొకటి, టికెట్ మీది సమయంలో విమానం నేల మీద రన్‌వే వరకు కదిలే సమయం కూడా కలిసే ఉంటుంది కనుక, గాలిలో గడిపేది అంతకన్నా కొంత తక్కువే.