తెల్లకాగితం మీద రాసిన వీలునామా చెల్లుతుందా?

ప్రశ్న: గుంటూరు జిల్లాలో ఉంటున్న మా నాన్నగారు తమ స్వార్జితమైన రెండెకరాలను అమ్మ పేర రాస్తూ, తెల్లకాగితం మీద స్వదస్తూరీతో వీలునామా రాసి, సంతకం చేసి, పట్టాదారు పాసుపుస్తకంలో మడిచి పెట్టారు. సాక్షులు లేరు, రిజిస్ట్రేషన్ లేదు. ఇది చెల్లుతుందా?

జవాబు 1: నమస్కారమండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, నాన్నగారు సంతకం చేయడం చూసినవారో, ఇది నా సంతకమేనని ఆయన చెప్పగా విన్నవారో కనీసం ఇద్దరు, ఆయన ఎదుటే సాక్షి సంతకాలు చేయాలి. అవి లేనిదే చెల్లదు. స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, సబ్ రిజిస్ట్రారు దగ్గర చేయిస్తేనే మంచిదని నా అభిప్రాయం.

జవాబు 2: మా తాతగారి వీలునామాలోని సాక్షులిద్దరూ ఆయనకంటే ముందే కాలం చేశారు. వీలునామా నిజమైనదేనని రుజువు చేయడానికి, వాళ్ల సంతకాలను గుర్తుపట్టగలవారి కోసం మా అత్తయ్య ఇల్లిల్లూ తిరిగింది. దయచేసి వయసులో చిన్నవారిని, ఆస్తిలో వాటా లేనివారిని సాక్షులుగా పెట్టుకోండి.

జవాబు 3: వెంటిలేటరు వద్దనుకుంటే ఆ మాట వీలునామాలో రాయకండి, అది మరణానంతరమే అమలులోకి వస్తుంది. మాట చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే, సుప్రీంకోర్టు 2018లో అనుమతించిన ముందస్తు వైద్య నిర్దేశ పత్రం (లివింగ్ విల్) వేరు. 2023 సవరణ తర్వాత ఇద్దరు సాక్షులతో, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో అది సరిపోతుంది.