అమెరికా ఏడీహెచ్‌డీ గోళీల నుంచి ఇక్కడి మందుకు మారుడెట్ల? (హన్మకొండ)

హన్మకొండ_చెల్లె: మా అన్నకు 27 ఏండ్లు, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని, కుదురు లేని సమస్య) ఉంది. అమెరికాల ఆడరాల్ ఎక్స్‌ఆర్ 20 ఎంజీ పొద్దున ఒకటి వేసుకునేటోడు. ఇప్పుడు ఇక్కడికే వచ్చేసిండు. గోళీలు మూడు వారాలకే ఉన్నయ్. దేనికి మారాలె, ఎట్ల మారాలె? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట_ఫార్మసిస్ట్: చెల్లె, ఆడరాల్, అక్కడ వాడే ఇంకో గోళీ వైవాన్స్ రెండూ ఆంఫెటమిన్ జాతివి, మన మందుల షాపుల దొరకవు. పార్సిల్ తెప్పించే ఆలోచన అసలే వద్దు, 1985 ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం మీదికి వస్తది. ఏడీహెచ్‌డీకి ఇక్కడ రాసే స్టిమ్యులెంట్ (మెదడును చురుకు చేసే మందు) మిథైల్‌ఫెనిడేట్. అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నిఘా ఉండే జాబితలది. చీటీ రెండు కాపీలు కావాలె, ఒకటి షాపోడు రెండేండ్లు దాచిపెట్టాలె. అమ్మెటందుకు వేరే లైసెన్సు ఉండాలె కాబట్టి ప్రతి షాపుల దొరకది. ఇంకోటి: 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం షెడ్యూల్ ఎక్స్ మందు వీడియో కాల్‌ల రాయొద్దు. సైకియాట్రిస్టు దగ్గరికి మనిషి పోవాల్సిందే. పాత చీటీలు, అక్కడి రిపోర్టు తీస్కపోండ్రి.

జమ్మికుంట_అన్న: పాతది ఆపి వారం రోజులు ఖాళీ ఉంచి కొత్తది మొదలువెడితే మంచిది కదా?

సైకియాట్రీ_పీజీ: అవసరం లేదన్నా. ఒక స్టిమ్యులెంట్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మధ్యల ఖాళీ వద్దు. ఇయ్యాల పొద్దున పాతది, రేపు పొద్దున కొత్తది. రెండూ ఒకే రోజు మాత్రం వేసుకోవద్దు. ఎంఏఓఐ రకం డిప్రెషన్ మందు వాడినోళ్లకే 14 రోజుల ఎడం కావాలె.

అసలు చిక్కు డోసు కాడ వస్తది. లెక్క ప్రకారం ఆంఫెటమిన్ 20 అంటే మిథైల్‌ఫెనిడేట్ సుమారు 40. కానీ అది సగటు లెక్క. మిథైల్‌ఫెనిడేట్ డోపమిన్‌ను (ధ్యాసకు పనికొచ్చే మెదడు రసాయనం) వెనక్కి పోనియ్యకుండ ఆపుతది. ఆంఫెటమిన్ ఆపుడే కాదు, బయటికి నెడుతది కూడా. అందుకే ఒకటి మంచిగ పడ్డోళ్లకు రెండోది పడకపోవచ్చు. డాక్టర్లు ఎక్కువగ పన్నెండు గంటల రకం 18 ఎంజీతోని మొదలువెట్టి, వారానికి 18 చొప్పున పెంచుతరు. మొదటి వారం "ఏం పనిచేస్తలేదు" అనిపిస్తే మందు తప్పని కాదు, డోసు ఇంకా చేరలేదని.

బీపీ, పల్స్ గోళీకి ముందు ఒకసారి, రెండు మూడు గంటలకు ఒకసారి చూసి రాసిపెట్టుండ్రి. గుండె జబ్బుగాని, ఇంట్ల చిన్న వయసుల గుండెతో పోయినోళ్లుగాని ఉంటే ముందే చెప్పాలె.

కాజీపేట_ఫార్మసిస్ట్: షాపుల జరిగే పొరపాటు ఒకటుంది. మామూలు గోళీ పనిచేసేది మూడు నాలుగు గంటలు, ఎస్‌ఆర్ (మెల్లగ మందు వదిలే రకం) ఆరు నుంచి ఎనిమిది, 18, 36, 54 ఎంజీల పొద్దంత రకం పది పన్నెండు గంటలు. "18 లేదు, ఎస్‌ఆర్ 20 తీస్కపో" అంటే మీరు ఒప్పుకోవద్దు, మధ్యాహ్నం మూడింటికే మందు పని దిగిపోతది. మామూలు గోళీ 10 ఎంజీ రోజుకు మూడుసార్లు వాడెటోళ్లకు సరితూగేది పొద్దంత రకం 36. 36 దొరకకుంటే 18వి రెండు సరిపోతయ్, కానీ చీటీల డాక్టరే అట్ల రాయాలె. పొద్దంత రకాన్ని విరవొద్దు, నమలొద్దు: పై పూత మొదటి గంటల కరుగుతది, లోపలిది నీళ్లు పీల్చుకుని కొద్దికొద్దిగ మందును బయటికి తోస్తది. ఖాళీ తొడుగు మలంల కనిపిస్తే భయపడొద్దు.

కరీంనగర్_అమ్మ: తిండి సంగతి కూడా చూసుకో బిడ్డా. గోళీకి ముందే కడుపునిండ తినాలె, మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతది. మందు దిగినంక రాత్రి ఎనిమిదింటికి గట్టిగ ఆకలైతది, అప్పుడు పెట్టు. సాయంత్రం చిరాకు, ఏడుపు మొఖం కూడా అదే సమయంల వస్తయ్. రోజూ వస్తే డాక్టర్‌కు టైముతో సహా చెప్పు. మొదటి వారాలు చాయ్ తగ్గించుమను. జలుబు గోళీ సొంతంగ వేసుకోవద్దు, సూడోఎఫెడ్రిన్ ఉంటే బీపీ పెరుగుతది.

హన్మకొండ_చెల్లె: ఏడీహెచ్‌డీకే ఇచ్చే ఇంకో మందు ఆటమాక్సిటిన్ అయితే షెడ్యూల్ ఎక్స్ గొడవ లేదంటున్నరు?

సైకియాట్రీ_పీజీ: లేదు, కానీ అది స్టిమ్యులెంట్ కాదు, పూర్తిగ పనిచేసెటందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతది. దానికే పోదామంటే ఇప్పుడే, పాత గోళీలు ఉన్నప్పుడే డాక్టర్ చూడాలె, కొన్నిరోజులు రెండూ కలిపి నడిపించి పాతది తగ్గిస్తరు. అన్నం తిన్నంకనే వేసుకోవాలె, లేకుంటే వాంతి వచ్చినట్టుంటది. ఫ్లూఆక్సిటిన్, పారాక్సిటిన్ అనే డిప్రెషన్ మందులు వాడుతుంటే ఆటమాక్సిటిన్ మోతాదు ఒంట్ల బాగ పెరుగుతది, తప్పక చెప్పుండ్రి. కండ్లు పచ్చవడితే, మూత్రం ముదురు రంగుకొస్తే, చావు ఆలోచనలొస్తే అదే రోజు డాక్టర్‌ను కలవాలె. రాత్రిపూట మనసు బాగలేకుంటే సర్కారు హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయుండ్రి.

కాజీపేట_ఫార్మసిస్ట్: చెల్లె, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకో. చీటీ రాసినంక షాపుకు ఫోన్ చేసి ఎంజీ, రకం రెండూ చెప్పి ఉన్నదా అడిగి పో. తర్వాత ప్రతి నెలా ఐదారు గోళీలుండంగనే అడుగు. ఎండకాలం బండి డిక్కీల పెట్టొద్దు, 30 డిగ్రీల లోపు ఉండాలె.