మొదటి తుపాకీయే సెమీ ఆటోమేటిక్ రైఫిల్: సరైనదేనా?

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు):
మా తమ్ముడు టెక్సాస్‌లో ఉంటాడు. గ్రీన్ కార్డు వచ్చింది, ఊరికి దూరంగా కొంచెం స్థలంతో ఇల్లు కొన్నాడు. ఇప్పుడు ఏఆర్-15 అనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొంటానంటున్నాడు. ఇంతవరకు తుపాకీ చేత్తో పట్టినవాడు కాదు. మా అమ్మకు తెలిసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. అక్కడ చట్టం ఒప్పుకుంటుంది, డబ్బు వాడిది, కొనొద్దని నేను అనలేను. నా ప్రశ్న ఒక్కటే. మొదటిసారి కొనేవాడు ఏకంగా సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో మొదలుపెట్టొచ్చా, లేక చిన్నదానితో చెయ్యి తిరిగాక దాని జోలికి వెళ్లాలా? తెలిసినవాళ్లు చెప్పండి. "అమెరికా అంటే అంతే" అనే కామెంట్లు మాత్రం వద్దు సామీ.

ఏఆర్_పెన్షనర్ (కర్నూలు):
పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో చేసి రిటైరయ్యాను. .303 అనే పాత రైఫిల్‌తో మొదలుపెట్టి ఎస్.ఎల్.ఆర్.కు, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌కు, వచ్చినవాణ్ని. .303లో ఒకటి పేలిస్తే బోల్టు మనమే వెనక్కి లాగి ముందుకు తొయ్యాలి, అప్పుడే ఇంకో తూటా లోపలికి పోతుంది. ఎస్.ఎల్.ఆర్. అట్ల కాదు. ఒకటి పేలగానే ఖాళీ తూటా తొడుగు బయటికి విసిరేసి, ఇంకోటి ఎక్కించుకుని, మళ్లీ రెడీగా కూర్చుంటుంది. మీ తమ్ముడు కొంటానంటున్నదీ ఆ జాతిదే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలేది ఒకటే, నిజమే. కానీ మనం ఏమీ చేయకపోయినా అది లోడై ఉంటుంది. కొత్త కానిస్టేబుళ్లు తడబడేది ఇక్కడే. మ్యాగజైన్ తీసేశాం కదా, ఖాళీ అయిపోయిందనుకుంటారు. ఛాంబర్లో, అంటే తూటా పేలే గదిలో, ఒకటి అట్లే ఉంటుంది.

రేంజ్‌లో "ఖాలీ కర్" అన్నారంటే దానికో వరస ఉంది. ముందు మ్యాగజైన్ ఊడదీయాలి. తర్వాత కాకింగ్ హ్యాండిల్ లాగితే లోపలున్నది ఎగిరి బయట పడుతుంది. బోల్టును వెనక్కి పట్టి కంటితో చూడాలి, చీకట్లో అయితే చిటికెన వేలు పెట్టి తడమాలి. ఈ వరస తిరగేసి, ముందు హ్యాండిల్ లాగి ఆ తర్వాత మ్యాగజైన్ తీశావనుకో, ఉన్న తూటా బయటికి పోతుంది, మ్యాగజైన్ నుంచి ఇంకోటి ఎక్కుతుంది. ఖాళీ చేశానని నువ్వు నమ్ముతుంటావు, చేతిలో ఉన్నది మాత్రం నిండు తుపాకీ.

అందుకే నా మాట: ముందు .22 బోల్ట్ యాక్షన్, అంటే .303 లాగా బోల్టు చేత్తో లాగే చిన్న తూటా రైఫిల్. ప్రతి తూటా తన చేత్తో తానే ఎక్కించుకుంటే లోపల ఏముందో తెలిసే ఉంటుంది.

డాలస్_టు_కడప:
పెద్దాయన చెప్పిన వరస అక్షరాలా కరెక్టు. కానీ చివరి మాట నేను ఒప్పుకోను. ఎస్.ఎల్.ఆర్.ది 7.62 ఎం.ఎం. తూటా, భుజం మీద బాగా తంతుంది. ఏఆర్-15 దాదాపు మూడు కిలోలు, 5.56 తూటా, తన్నుడు చాలా తక్కువ. కొత్తవాడు కళ్లు మూసుకుని ట్రిగ్గర్ గుంజేది తన్నుడికి భయపడే. ఆ లెక్కన పన్నెండు బోరు షాట్‌గన్‌తో మొదలుపెట్టినవాడికే కష్టం ఎక్కువ. ఇంకోటి, .22 మీద నేర్చుకున్న చెయ్యి ఏఆర్ మీదికి వచ్చేసరికి సేఫ్టీ ఇంకో చోట, హ్యాండిల్ ఇంకో చోట. ఏది ఇంట్లో ఉంచుకుంటాడో దాని మీదే నేర్చుకోవడం మేలు.

పెద్దాయన భయానికి అక్కడ ఒక మార్గం ఉంది. ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకుని మొదట్లో మ్యాగజైన్‌లో ఒకే ఒక్క తూటా వేసి కాల్చాలి. అది పేలాక బోల్టు వెనకే ఆగిపోతుంది, సెమీ ఆటోమేటిక్ కాస్తా సింగిల్ షాట్ అయిపోతుంది. చెయ్యి కుదిరాక రెండు వేస్తారు.

కొనేటప్పుడు బారెల్ మీద ఏం చెక్కి ఉందో చూసుకోమనండి. 5.56 అని ఉంటే .223 తూటా కూడా వాడొచ్చు. .223 అని మాత్రమే ఉంటే 5.56 వేయకూడదు, ప్రెషర్ ఎక్కువవుతుంది.

ఈ థ్రెడ్ చదివే హెచ్-1బి తమ్ముళ్లకు కూడా ఒక మాట. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే అక్కడ ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు వర్తించొచ్చు, అదీ లాయర్‌ను అడిగాకే. ఫ్రెండు పేరు మీద కొనిపించుకుందామనే ఆలోచన అసలే వద్దు. కొనేది నీ కోసమేనా అని ఫారంలోనే అడుగుతారు. అబద్ధం రాస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు.

చెనక్కాయ_రైతు (అనంతపురం జిల్లా):
అన్నా, అదేదో మాకిప్పించండి. చేతికొచ్చిన చెనక్కాయ చేనును పందులు ఒక్క రాత్రిలో దున్నేసి పోతున్నాయి. మా నాయన తర్వాత నా పేరు మీదికి మార్పించుకున్న డబుల్ బ్యారెల్ ఒకటుంది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం, అయిపోయాక పోయి విడిపించుకోవడం, అదే దాని పని.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
రైతన్నా, ఆ ఆశ వదిలేయ్. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఇక్కడ నిషిద్ధ ఆయుధాల కిందికి వస్తుంది. కలెక్టర్ ఇచ్చేది మామూలు ఆయుధాల లైసెన్సే. నిషిద్ధమంటే ఢిల్లీలో హోం శాఖ దాకా పోవాలి, పందుల కోసమంటే ఎవరూ ఇవ్వరు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, అంతకుముందు మూడు. పెళ్లి ఊరేగింపులో నిర్లక్ష్యంగా గాల్లోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. ఇక అడవి పంది 1972 వన్యప్రాణి చట్టం కింద ఉంది. నీ దగ్గర లైసెన్సున్న తుపాకీ ఉన్నా అటవీ శాఖ అనుమతి లేకుండా కాలిస్తే కేసే.

డాలస్_టు_కడప:
అక్కడ దీనికి పూర్తిగా రివర్స్. ఊరపందులు అడవిలో పడి పెరిగిపోయాయి. టెక్సాస్‌లో 2019 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే వాటిని కాల్చడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. పందులు గుంపుగా వస్తాయి, ఒకటి పేలగానే చెదిరిపోతాయి. ఆ పనికి సెమీ ఆటోమేటిక్ అడగడంలో అర్థముంది. ప్రొద్దుటూరు అన్నా, మీ తమ్ముడు దేనికి కొంటున్నాడో చెప్పలేదు.

పెన్నా_ఒడ్డు:
అడిగాను. "ఇంటి రక్షణకు" అన్నాడు. పక్కింటాయన దగ్గర ఉందట, అసలు కారణం అదేననిపిస్తోంది.

కడప_బండ:
అయితే నాకు ఇంకా భయం. మనకు రాతి గోడలు, కడప బండల మిద్దెలు. అక్కడ చాలా ఇళ్లలో గది గోడ అంటే చెక్క ఫ్రేముకు రెండు వైపులా కొట్టిన జిప్సం షీటు. రైఫిల్ తూటా దాన్నీ, దాని వెనకున్న పిల్లల గదినీ దాటి పోతుంది. గురి ఎక్కడ పెట్టాలో నేర్పేవాళ్లు ఉంటారు, ఆ గురి వెనక ఎవరు పడుకున్నారో మీవాడే గుర్తుపెట్టుకోవాలి.

ఇంకోటి అనకూడదు గానీ అంటాను. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మనం దొంగ గురించే మాట్లాడుకుంటున్నాం. ఇంట్లో ఎవరైనా మనసు బాగాలేని రోజుల్లో ఉంటే అసలు కొనకపోవడమే మంచిది. మొదటిది .22నా, ఏఆరా అన్న గొడవ దాని ముందు చిన్నది.

డాలస్_టు_కడప:
గోడల సంగతి నిజమే. పిస్టల్ తూటా కూడా ఆ గోడల్ని దాటుతుంది, అదొక్కటి చేర్చండి. మీ రెండో భయం మీదైతే వాదనే లేదు, అందుకే తుపాకీ తాళంలో ఉండాలి. టెక్సాస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి లోడైన తుపాకీ అందేలా వదిలేస్తే యజమాని మీద కేసు పెడతారు. రైఫిల్ కన్నా ముందు సేఫ్ కొనాలి. "దొంగొస్తే తాళం ఎక్కడ వెతుక్కోను" అంటారు చాలామంది, నంబరు నొక్కితే తెరుచుకునేవి ఉన్నాయి.

ఏఆర్_పెన్షనర్:
మీ ఒక్క తూటా పద్ధతి బాగుంది, మాకెవరూ అట్ల నేర్పలేదు. కానీ అది ఇన్‌స్ట్రక్టర్ పక్కనున్నంత సేపే. ఇంటికి పోయాక వీడియో చూసి ముప్పై తూటాల మ్యాగజైన్ నింపుకుంటాడు. .22 అయితే ఆ ఆత్రం ఉండదు. నా మాట మీదే ఉన్నాను.

పెన్నా_ఒడ్డు:
రాత్రి ఇదంతా తమ్ముడికి ఫార్వర్డ్ చేశాను. ముందు రేంజ్‌లో అద్దె తుపాకీతో క్లాసు తీసుకుంటాడట, కొనేది ఆ తర్వాతేనట. .22 సంగతి ఎత్తితే నవ్వాడు. ఇంకో డౌటు: చెవులకు ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే చాలా?

ఏఆర్_పెన్షనర్:
చాలవు అబ్బీ. రైఫిల్ మోత నూట యాభై డెసిబెల్స్ పైనే. లోపల ప్లగ్, పైన చెవిని కప్పే మఫ్, రెండూ పెట్టుకోమను, రేంజ్‌కు షెడ్డు ఉంటే మరీ ముఖ్యం. మా రోజుల్లో దూది కూడా దిక్కులేదు. కుడి భుజానికి ఆనించి కాల్చేవాడికి ఎడమ చెవి నేరుగా మోత వైపు ఉంటుంది. నాతో ఫోన్లో మాట్లాడేవాళ్లంతా కుడి చెవికే మాట్లాడుతున్నారు.