గడప దగ్గర ఆగిపోయే మా నాయిన కాళ్లు ముగ్గు మీద ఎట్లా కదులుతున్నాయి?

గట్టుప్పల్ బిడ్డ:
మా నాయినకు 66 ఏళ్లు. చిన్నప్పటి నుంచి గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసిన మనిషి. కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు పార్కిన్సన్స్ అని తేలి నాలుగేళ్లయింది, గోలీలు వాడుతున్నాడు. ఈ మధ్య కొత్త తిప్పలు మొదలయ్యాయి. మంచిగానే నడిచొచ్చి దర్వాజ దగ్గరికి రాగానే ఆగిపోతాడు. మడమలు లేస్తాయి, వేళ్లు మాత్రం నేలను వదలవు, మోకాళ్లు సన్నగా వణుకుతాయి, పై ఒళ్లు ముందుకు తూలుతుంది. "కాళ్లకు జిగురు అంటినట్టుంది బిడ్డా" అంటాడు. కానీ పొద్దున అమ్మ వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేస్తే, అది చెరిగిపోకుండా ఒక్కో గీతా కాలెత్తి దాటుకుంటూ పోతాడు! మగ్గం గుంటలో కూర్చుంటే కాళ్లు ఆగకుండా కర్రలు తొక్కుతాయి. మునుపటి వేగం లేదు, అంతే. అది చూసి మా చుట్టాలు "మగ్గం తొక్కేటాయనకు గడప దాటరాదా, కావాలనే చేస్తున్నాడు" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఎందుకిట్లా అవుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు ఫిజియో:
అక్కా, ఆయన కావాలని చేయట్లేదు. ఈ మాట మీ చుట్టాలకు గట్టిగా చెప్పండి. దీన్ని మేం ఫ్రీజింగ్ అంటాం. కాళ్లలో బలం ఉంటుంది, లోపం అక్కడ కాదు. మామూలుగా మనం ఏ అడుగు ఎప్పుడు వేయాలా అని ఆలోచించం, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగం ఆ పని మనం అడగకుండానే చూసుకుంటుంది. దానికి డోపమైన్ అనే రసాయనం కావాలి, అది తయారుచేసే కణాలే ఈ జబ్బులో చచ్చిపోతాయి. అందుకే లోపలి నుంచి అడుగు మొదలవ్వదు. ఎదురుగా గీత కనిపిస్తే మాత్రం కన్ను చూసింది వేరే దారిలో పోయి కదలికను సిద్ధం చేసే భాగాన్ని అందుకుంటుంది, ఆ దారికి బేసల్ గాంగ్లియా అవసరం తక్కువ. నడక కాస్తా "ఈ గీత దాటాలి" అనే పని అయిపోతుంది, మీ నాయిన ముగ్గు మీద చేస్తున్నది అదే. దర్వాజ దీనికి ఉల్టా, సందు ఇరుకుగా కనిపించగానే అడుగులు చిన్నవై చిన్నవై చివరికి ఆగిపోతాయి.

మగ్గం సంగతికొస్తే, 2010లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఒక 58 ఏళ్ల మనిషి గురించి రాశారు. ఆయన సాయం లేకుండా నాలుగడుగులు వేయలేడు, సైకిల్ ఎక్కితే మాత్రం చక్కగా తొక్కుకుంటూ పోయాడు. తిరిగే పెడలే కాలికి లయ అందిస్తుందేమో అని వాళ్లు అనుకున్నారు. మగ్గం కర్రలూ అట్లాంటివే అని నాకనిపిస్తుంది, పైగా కూర్చున్న మనిషికి పడతాననే భయం ఉండదు.

గడపకు అటూ ఇటూ ఆయన అడుగంత దూరంలో అడ్డంగా గీతలు గీయండి, నేల రంగులో కలిసిపోని రంగుతో. ఆగినప్పుడు చేయి పట్టి గుంజొద్దు, పడిపోతారు. తొందర పెట్టొద్దు. నిలబడి బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చి అప్పుడు అడుగు వేయమనండి. గోలీ వేసుకున్నాక ఎంతసేపటికి ఇట్లా అవుతుందో రాసుకుని మీ డాక్టరుకు చూపించండి, మందు ప్రభావం తగ్గే టైముకే ఎక్కువవుతుందేమో చూస్తారు.

వనపర్తి కోడలు:
మా అత్తమ్మకూ ఇదే జబ్బు. చాయ్ గ్లాసు పట్టుకుని వస్తుంటే వెనక నుంచి "ఫోన్ ఎక్కడ పెట్టినవ్ అత్తమ్మా" అని అడిగాను, జవాబు చెప్పబోయి అక్కడికక్కడే ఆగి పడిపోయింది, మణికట్టు విరిగింది. నేను అడగడం వల్లే అని ఇప్పటికీ బాధ. ఇప్పుడు మా ఇంట్లో ఆమె కూర్చున్నాకే ఎవరైనా మాట్లాడిస్తాం.

పాలమూరు ఫిజియో:
మీకు తెలియక అడిగారు అక్కా, మనసులో పెట్టుకోకండి. 1997లో స్వీడన్ వాళ్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇదే రాశారు: నడుస్తుండగా మాట కలిపితే ఆగిపోయే ముసలివాళ్లు, ఆ తర్వాతి 6 నెలల్లో మిగతావాళ్ల కంటే ఎక్కువగా పడ్డారని. దానంతటదే సాగాల్సిన నడకకు ధ్యాస పెట్టాల్సి వస్తే, జవాబు వెతకడానికి ధ్యాస ఎక్కడ మిగులుతుంది?

గట్టుప్పల్ బిడ్డ:
అన్నా, గీసి చూశాం. మొదట నేను గీస్తే మరీ దగ్గరగా పడ్డాయి, నాయిన వాటి మీదా ఆగిపోయాడు. తర్వాత ఆయనే కుర్చీలో కూర్చుని, మగ్గం దగ్గర కొలిచినట్టు మూరతో కొలిచి, ఎక్కడెక్కడ గీయాలో చూపించాడు. అమ్మ తడిపిన ముగ్గుపిండితో ఐదు గీతలు వేసింది. దర్వాజ దాకా వచ్చి కిందికి చూసి, కాలెత్తి, దాటాడు. నాకు "నాయినా!" అని అరవాలనిపించింది, మీరు చెప్పింది గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అరుగు మీద కూర్చున్నాకే మాట్లాడాను. ఒక్కోసారి ఇంకా ఆగుతున్నాడు, కానీ ఇప్పుడు ఎవరూ గుంజట్లేదు. రాత్రి కరెంటు పోతే గీతలు కనిపించట్లేదని గడప పక్కన చార్జింగ్ లైటు పెట్టాం.